సరస్సులో చేపల ఫొటోలు: స్నార్కెలింగ్‌కి ఏ కెమెరా సరిపోతుంది?

నీటి అడుగున ఫొటోల కోసం కెమెరా వెతికితే దొరికే సలహాల్లో ఎక్కువ భాగం సముద్రంలో స్కూబా డైవింగ్ చేసేవాళ్ల కోసం రాసినవే. నీలి నీళ్లు, పగడపు దిబ్బలు, 20, 30 మీటర్ల లోతు, రెండు పక్కలా పెద్ద ఫ్లాష్‌లు. మాస్క్, స్నార్కెల్ (ఊపిరి పీల్చే గొట్టం) పెట్టుకుని సరస్సు మీద తేలుతూ, మధ్యమధ్యలో ఊపిరి బిగబట్టి రెండు మూడు మీటర్లు కిందికి దిగేవాళ్ల అవసరాలు వేరు. ఇక్కడ నీళ్లు పచ్చగానో, టీ డికాక్షన్ రంగులోనో ఉంటాయి. చేపలు చాలావరకు అరచేతికన్నా చిన్నవి. ఒక్కో మునకలో దొరికేది కొన్ని సెకన్లే.

ఇన్నేళ్లుగా మంచినీటి చేపల వెంట తిరిగాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. సరస్సు కోసం కెమెరా ఎంచుకునేటప్పుడు మెగాపిక్సెళ్లు, ఎంత లోతు తట్టుకుంటుంది అన్న అంకె తర్వాత చూసుకోవచ్చు. చేపకు ఎంత దగ్గరగా వెళ్లి ఫోకస్ చేయగలదో ముందు చూడాలి. మిగతా లెక్కలన్నీ దాని వెనకే వస్తాయి. అది ఎందుకో ముందు చెప్పి, తర్వాత ఒక్కో రకం కెమెరా సంగతి చూద్దాం.

ఏం చూసి ఎంచుకోవాలి

*నీటి తేట.* నీరు ఎంత తేటగా ఉందో కొలవడానికి 1865లో ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కీ ఒక తేలికైన పద్ధతి కనిపెట్టారు. ఒక పళ్లాన్ని తాడుకు కట్టి నీటిలోకి దించుతారు. అది ఎంత లోతున కనిపించకుండా పోతుందో అదే ఆ నీటి తేట. ఈ కొలత సైబీరియాలోని బైకాల్ సరస్సులో 40 మీటర్ల దాకా వచ్చిన సందర్భాలున్నాయి. మనం దిగే మామూలు సరస్సుల్లో అది రెండు, మూడు, నాలుగు మీటర్లు. పాచి పెరిగే రోజుల్లో ఇంకా తక్కువ. మూడు మీటర్ల దూరం వరకు కంటికి ఆకారాలు కనిపించినంత మాత్రాన ఫొటో వస్తుందని కాదు. కనిపించే దూరంలో ఐదో వంతుకన్నా దగ్గరగా ఉంటేనే పొలుసులు, కన్ను, రంగు స్పష్టంగా వస్తాయన్నది నీటి అడుగున ఫొటోలు తీసేవాళ్లు చాలామంది పాటించే లెక్క. అంటే మూడు మీటర్ల తేట ఉన్న సరస్సులో చేప మీ లెన్స్‌కి 60 సెంటీమీటర్ల లోపల ఉండాలి. ఇక జూమ్ వేసి దూరం నుంచి తీయడం ఇక్కడ పనిచేయదు. జూమ్ చేపతో పాటు మధ్యలో ఉన్న మురికినీ దగ్గరకు తెస్తుంది.

*గాజు, నీరు కలిసి చేసే మార్పు.* నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. అందువల్ల చదునైన గాజు వెనక నుంచి చూస్తే నీటిలోని వస్తువు నాలుగో వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. లెన్స్ చూపు కూడా ఇరుకైపోతుంది. గాలిలో 90 డిగ్రీలు చూసే లెన్స్ నీటిలో చదును గాజు వెనక 64 డిగ్రీలే చూస్తుంది. చిన్న చేపలు తీసేవాళ్లకు ఇది కొంత మేలే. పెద్ద చేపను చుట్టుపక్కల దృశ్యంతో సహా తీయాలనుకునేవాళ్లకు మాత్రం నష్టం.

*రంగు.* సముద్రంలో ముందుగా మాయమయ్యేది ఎరుపు, అందుకే అక్కడ ఎర్ర ఫిల్టర్ వాడతారు. సరస్సుల్లో కుళ్లిన ఆకులు, మొక్కల నుంచి నీటిలో కరిగిన పదార్థాలు నీలం వైపు కాంతిని పీల్చేస్తాయి, పాచి కూడా తన వంతు తీసుకుంటుంది. మిగిలేది పచ్చ, పసుపు, గోధుమ. అందువల్ల సముద్రం కోసం అమ్మే ఎర్ర ఫిల్టర్‌ను సరస్సులో బిగిస్తే రంగులు ఇంకా పాడవుతాయి, పైగా కాంతి కూడా సగానికన్నా తక్కువకు పడిపోతుంది. పచ్చ నీటికి మెజెంటా ఫిల్టర్ ఉంది కానీ, ఒకటి రెండు మీటర్ల లోతులో దాని అవసరం కూడా పెద్దగా రాదు. రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయకుండా దాచే ముడి ఫొటో) తీసి, తర్వాత వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల తూకం, సరిచేసుకోవడం అన్నిటికన్నా మేలు. కాబట్టి కెమెరా రా ఫైల్ ఇస్తుందా లేదా అన్నది ఫిల్టర్లకన్నా పెద్ద ప్రశ్న.

*చురుకు.* బటన్ నొక్కాక కెమెరా ఫోకస్ వెతుక్కుంటూ అర సెకను తీసుకుంటే ఆ అర సెకనులో పెర్చ్ చేప తోక మాత్రమే మిగులుతుంది.

*చేతిలో ఒదిగేతనం.* స్నార్కెలింగ్‌లో ఒక చేయి దేనికో ఒకదానికి కావాలి: మాస్క్ సర్దుకోవడానికి, బండరాయి పట్టుకోవడానికి, తోటివాళ్లకు సైగ చేయడానికి. చల్లటి నీటిలో గ్లవ్స్ వేసుకుంటే చిన్న బటన్లు వేలికి తెలియవు.

*శుభ్రం చేసుకునే సులువు.* దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. నేను గట్టిగా పట్టించుకుంటాను. జీబ్రా మసెల్, క్వాగా మసెల్ లాంటి పరాయి జీవుల లార్వాలు కంటికి కనిపించనంత చిన్నవి. ఉత్తర అమెరికా మహా సరస్సుల్లో 1980ల చివర్లో జీబ్రా మసెల్స్ బయటపడ్డాయి. తర్వాత వచ్చిన క్వాగా మసెల్స్ నీటిలోని పాచిని వడకట్టి తినేయడంతో ఆ సరస్సులు మునుపటికన్నా తేటబడ్డాయి. ఫొటోలకు బాగుందనిపిస్తుంది కానీ, ఆ పాచి మీద బతికే ప్రాణుల నుంచి చేపల దాకా తిండి గొలుసు మొత్తం దెబ్బతింది. ఒక సరస్సులో తడిసిన సామాను ఇంకో సరస్సులోకి దించే ముందు కడిగి, నీరు ఒంపేసి, పూర్తిగా ఆరబెట్టాలి. చిన్న కెమెరా తొందరగా ఆరుతుంది. సందులు, స్ప్రింగులు, హ్యాండిళ్లు ఉన్న పెద్ద హౌసింగ్ (కెమెరాను లోపల పెట్టి మూసే, నీరు చొరని గట్టి పెట్టె) ఆరడానికి రోజులు పడుతుంది.

లోతు రేటింగ్‌ను చివర పెట్టాను. స్నార్కెలింగ్‌కి 10 మీటర్ల రేటింగ్ చాలు. అయితే కెమెరా చేతిలో పట్టుకుని పడవ మీద నుంచి దూకితే ఆ దెబ్బకు పడే ఒత్తిడి కాసేపు చాలా ఎక్కువగా ఉంటుంది. మెల్లగా దిగి, కెమెరాను తర్వాత అందుకోండి.

ఒక్క చూపులో పోలిక

| రకం | దగ్గరి ఫోకస్ | చురుకు | తక్కువ వెలుతురులో | చేతిలో సులువు | దేనికి బాగుంటుంది |
|---|---|---|---|---|---|
| ఫోన్, మెత్తటి పౌచ్‌లో | అంతంతమాత్రం | నీటిలో టచ్ పనిచేయదు | పర్వాలేదు | ఇబ్బంది | ఒకసారి సరదాకి |
| ఫోన్, గట్టి హౌసింగ్‌లో | బాగుంటుంది | మధ్యస్థం | బాగుంటుంది | మధ్యస్థం | ఉన్న ఫోన్‌తో మొదలుపెట్టడానికి |
| యాక్షన్ కెమెరా | బలహీనం | చాలా బాగుంటుంది | మధ్యస్థం | చాలా సులువు | వీడియో, పెద్ద చేపలు, గుంపులు |
| నీరు చొరని కాంపాక్ట్ | అద్భుతం | మధ్యస్థం | బలహీనం | సులువు | చిన్న చేపలు, జాతి గుర్తింపు |
| హౌసింగ్‌లో 1 అంగుళం సెన్సర్ కాంపాక్ట్ | క్లోజప్ లెన్స్ కలిపితే బాగుంటుంది | చాలా బాగుంటుంది | బాగుంటుంది | మధ్యస్థం | ఫొటోల మీద గట్టి ఆసక్తి ఉన్నవాళ్లకు |
| హౌసింగ్‌లో మిర్రర్‌లెస్ | లెన్స్‌ను బట్టి | అద్భుతం | అద్భుతం | కష్టం | సగం నీటిలో సగం పైన ఫొటోలు, ప్రచురణ |

ఫోన్: పౌచ్‌లోనా, హౌసింగ్‌లోనా?

మెత్తటి ప్లాస్టిక్ పౌచ్ గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. ప్లాస్టిక్ ముడతల్లో వెలుతురు చెదిరి ఫొటో మసకబారుతుంది. నీటి ఒత్తిడికి స్క్రీన్ తనంతట తానే నొక్కుకుపోతుంది, లేదా అసలు స్పందించదు. కావాలంటే వాల్యూమ్ బటన్‌తో ఫొటో తీసేలా, లేదా ఒడ్డునే వీడియో మొదలుపెట్టి వదిలేసేలా సెట్ చేసుకోవాలి.

ఏ రక్షణా లేకుండా ఫోన్‌ను నీటిలో ముంచే ఆలోచన మానుకోండి. నీటిని తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 అన్న గుర్తు ప్రయోగశాలలో, నిలకడ నీటిలో చేసిన పరీక్షకు సంబంధించింది. కొన్ని ఐఫోన్లకు 6 మీటర్ల లోతులో 30 నిమిషాలు అని రాసి ఉంటుంది, అదే కంపెనీ నీటి వల్ల చెడిపోతే వారంటీ వర్తించదని కూడా రాస్తుంది. ఈదేటప్పుడు పడే ఒత్తిడి వేరు, కాలంతో పాటు లోపలి సీళ్లు అరిగిపోవడం వేరు.

గట్టి హౌసింగ్ సంగతి అలా కాదు. సీలైఫ్ స్పోర్ట్‌డైవర్ లాంటివి బ్లూటూత్ ద్వారా లోపలి ఫోన్‌తో మాట్లాడతాయి. బయట పెద్ద బటన్లు ఉంటాయి, గ్లవ్స్‌తో కూడా నొక్కవచ్చు. దాని లోతు రేటింగ్ 40 మీటర్లు, స్నార్కెలింగ్‌కి కావలసినదానికన్నా చాలా ఎక్కువ. ఇప్పటి మంచి ఫోన్ల కెమెరాలు తక్కువ వెలుతురులో బాగా పనిచేస్తాయి, రా ఫైల్ కూడా ఇస్తాయి. రెండు లోపాలు మాత్రం మిగిలిపోతాయి. ఫోన్ తనకు తోచినట్టు ఒక లెన్స్ నుంచి ఇంకో లెన్స్‌కి మారిపోతూ ఉంటుంది, సరిగ్గా చేప దగ్గరకు వచ్చిన క్షణంలో. ఇంకొకటి, పొరపాటున నీరు చొరబడితే పోయేది కెమెరా ఒక్కటే కాదు, మీ ఫోన్ నంబర్లు, బ్యాంకు పనులు అన్నీ. పాత ఫోన్ ఒకటి బాగా పనిచేస్తూ ఇంట్లో పడి ఉంటే, దానికి సరిపడే హౌసింగ్ దొరికితే, ఈ దారి నిజంగా మంచిది.

యాక్షన్ కెమెరా: వీడియోలో రాజు, చిన్న చేప దగ్గర తడబాటు

గోప్రో హీరో బ్లాక్ వరసలో ఇప్పటి మోడళ్లు హౌసింగ్ లేకుండానే 10 మీటర్ల వరకు తట్టుకుంటాయి. డీజేఐ ఓస్మో యాక్షన్ 4 అయితే 18 మీటర్లు, యాక్షన్ 5 ప్రో 20 మీటర్లు. చిన్నవి, తేలికైనవి. కదలికల కుదుపును సర్దే పద్ధతి ఎంత బాగుంటుందంటే, ఫిన్స్ కొడుతూ తీసినా వీడియో నిలకడగా వస్తుంది.

తడబాటు ఎక్కడంటే ఫోకస్‌లో. వీటిలో చాలావాటికి ఫోకస్ స్థిరంగా ఉంటుంది. గాలిలో సుమారు 30 సెంటీమీటర్ల నుంచి అవతలంతా స్పష్టంగా కనిపిస్తుంది. నీటిలో వస్తువు నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది కనుక అదే స్పష్టత కావాలంటే చేప సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఇప్పుడు లెక్క చూడండి. 64 డిగ్రీల చూపుతో 40 సెంటీమీటర్ల దూరంలో ఫ్రేమ్ వెడల్పు అర మీటరు. ఐదు సెంటీమీటర్ల చేప ఆ వెడల్పులో పదో వంతు. 4కే వీడియోలో అడ్డంగా 3840 పిక్సెళ్లుంటే చేపకు దక్కేవి 384. గుర్తుపట్టడానికి సరిపోతుందేమో, గోడ మీద పెట్టుకోవడానికి సరిపోదు. ఇంకా దగ్గరకు వెళ్తే చేప పెద్దదవుతుంది, మసకబారుతుంది కూడా. ముందు బిగించే క్లోజప్ లెన్స్‌లు ఉన్నాయి. అవి పెడితే దగ్గరివి బాగా వస్తాయి, దూరంవి పోతాయి. ఏ మునకలో ఏది తీయాలో ముందే నిర్ణయించుకోవాలి.

అయితే యాక్షన్ కెమెరా ఒక్కటే చేయగల పని ఒకటుంది, దాని కోసమే నేను దీన్ని వదులుకోను. బరువు కట్టిన చిన్న ట్రైపాడ్ మీద దాన్ని సరస్సు అడుగున పెట్టి, మీరు దూరంగా వెళ్లిపోవచ్చు. మనిషి నీడ తప్పుకున్నాక కాసేపటికి చేపలు తమ పనుల్లో పడతాయి. రాయి మీద నాచు గీక్కుతినడం, ఒకదాన్నొకటి తరమడం, గుంపు మొత్తం ఒక్కసారి వాలు తిరగడం, ఇవన్నీ మనిషి చేతిలో కెమెరాతో దొరకవు. వీడియోలోంచి ఒక ఫ్రేమ్ తీసుకుంటే అది 8 మెగాపిక్సెళ్ల ఫొటో. పైక్ లాంటి పెద్ద చేపకు, స్మాల్‌మౌత్ బాస్‌కు ఈ కెమెరా చక్కగా సరిపోతుంది. ముఖ్యంగా స్మాల్‌మౌత్ బాస్ ఆసక్తి ఉన్న చేప. కదలకుండా తేలితే తనే దగ్గరకు వచ్చి చూసిపోతుంది.

నీరు చొరని కాంపాక్ట్: చిన్న చేపల ప్రేమికులకు

2019లో వచ్చిన ఒలింపస్ టీజీ-6, 2023లో దాని తర్వాత వచ్చిన ఓఎం సిస్టమ్ టీజీ-7 ఈ వర్గంలో ముందుంటాయి. హౌసింగ్ లేకుండా 15 మీటర్లు. 25 నుంచి 100 మిల్లీమీటర్లకు సమానమైన జూమ్, వైడ్‌లో ఎఫ్/2 అపెర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం), రా ఫైల్. అన్నిటికన్నా ముఖ్యం, వీటిలోని మైక్రోస్కోప్ మోడ్‌లో లెన్స్‌కి 1 సెంటీమీటరు దూరం నుంచి 30 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది. మసక నీటిలో చేపకు, లెన్స్‌కి మధ్య నీరు ఎంత తగ్గితే ఫొటో అంత బాగుంటుంది. ఈ ఒక్క గుణం వల్లనే చిన్న సెన్సర్ ఉన్నా సరస్సుల్లో ఇది తనకన్నా ఖరీదైన కెమెరాలను దాటేస్తుంది.

రాళ్ల సందుల్లో కదలకుండా కూర్చునే గోబీలు, గూడు కట్టుకునే స్టికిల్‌బ్యాక్‌లు, నీటి మొక్కల నీడలో ఆగే పిల్ల చేపలు, వీటికోసం నన్నడిగితే మొదట చెప్పేది ఈ కెమెరానే. రెక్కల్లోని ముళ్లు లెక్కపెట్టేంత వివరం వస్తుంది. చేప జాతి గుర్తించేవాళ్లకు అదే కావాలి: పక్కనుంచి మొత్తం శరీరం, రెక్కలు విప్పుకుని ఉన్న క్షణం, నోటి ఆకారం.

లోపాలు దాచను. సెన్సర్ చిన్నది, 1/2.33 అంగుళాలు. మబ్బు రోజున, గోధుమ రంగు నీటిలో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 800 దాటితే పొలుసుల మీద వివరం నూనె పూసినట్టు అయిపోతుంది. ఆటోఫోకస్ నిలకడగా ఉన్న చేప దగ్గర బాగుంటుంది, ఈదే చేప దగ్గర వెనకబడుతుంది. నలుసులున్న నీటిలో చేపను వదిలి నలుసు మీద ఫోకస్ చేసే అలవాటు కూడా ఉంది. ఫోకస్ ప్రాంతాన్ని మధ్యలో చిన్న చుక్కకు కుదించి, ఒక దూరంలో ఫోకస్ బిగించి, చేప ఆ దూరంలోకి వచ్చినప్పుడు వరసగా నాలుగైదు తీయడం దీనికి మందు. లోపలి ఫ్లాష్‌ను ఆపేయండి. లెన్స్ పక్కనే ఉన్న ఫ్లాష్ ముందు నలుసులనే వెలిగిస్తుంది, ఫొటో నిండా తెల్ల చుక్కలు పడతాయి. నీడలో ఉన్న చేపకు వెలుగు కావాలంటే లెన్స్ చుట్టూ బిగించే ఎల్‌ఈడీ గైడ్‌ను చాలా దగ్గరి ఫొటోలకు మాత్రం వాడుకోవచ్చు.

బ్యాటరీ తలుపు, కేబుల్ తలుపు దగ్గర ఇసుక రేణువు ఒక్కటి చిక్కినా నీరు లోపలికి వస్తుంది. సరస్సులో ఉప్పు బెడద లేదు కానీ సన్నటి ఒండ్రు ఉంటుంది. ఒడ్డున తడి చేతులతో తలుపు తెరవకుండా, రోజంతటికీ సరిపడా ఛార్జ్ చేసిన బ్యాటరీ, ఖాళీ కార్డు ముందే వేసుకుని దిగండి.

హౌసింగ్‌లో 1 అంగుళం సెన్సర్ కాంపాక్ట్: మధ్యే మార్గం

సోనీ ఆర్‌ఎక్స్100 వరస, కానన్ జీ7ఎక్స్ వరస ఈ కోవలోవి. వీటి సెన్సర్ వైశాల్యం టీజీ సెన్సర్‌కు నాలుగు రెట్లు. మబ్బు రోజున ఆ తేడా ఫొటోలో సూటిగా కనిపిస్తుంది. ఆర్‌ఎక్స్100లో 2016లో వచ్చిన ఐదో మోడల్ నుంచి ఫేజ్ డిటెక్ట్ ఆటోఫోకస్, అంటే ఫోకస్ ఎటు జరపాలో వెంటనే తెలుసుకునే పద్ధతి, ఉంది. ఈదే చేపను అది వెంబడించే తీరు టీజీకి అందదు.

మరి ఇదే ఎందుకు అందరికీ చెప్పను? దగ్గరి ఫోకస్ దగ్గరే చిక్కు. ఐదో మోడల్ వైడ్‌లో 5 సెంటీమీటర్ల నుంచి ఫోకస్ చేస్తుంది, కానీ జూమ్ చివర 30 సెంటీమీటర్లు కావాలి. చిన్న చేపను ఫ్రేమ్ నిండా తీయాలంటే హౌసింగ్ ముందు క్లోజప్ లెన్స్ బిగించాలి. నీటిలోనే బిగించి తీసేయగలిగే రకం తీసుకుంటే పెద్ద చేప ఎదురైనప్పుడు చిక్కుపడరు. అలా బిగించేటప్పుడు లెన్స్‌కి, గాజుకి మధ్య గాలి బుడగ చిక్కుకుంటుంది. కొంచెం వదులు చేసి బుడగను బయటికి పంపాలి.

హౌసింగ్ అంటేనే ఓ-రింగ్ (నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయం) పని. ప్రతిసారీ తీసి, వెంట్రుక, నూలుపోగు లేకుండా తుడిచి, పలచగా గ్రీజు రాసి మూయాలి. చల్లటి సరస్సులో దిగితే హౌసింగ్ లోపలి తేమ గాజు మీద ఆవిరిలా పట్టేస్తుంది. వేడిగా, తేమగా ఉన్న చోట హౌసింగ్ మూయకండి, లోపల సిలికా జెల్ పొట్లం పెట్టండి, దిగేముందు ఎండలో వదలకండి. ఈ ఓపిక ఉన్నవాళ్లకు ఈ రకం ఏళ్ల తరబడి తృప్తినిస్తుంది. వారాంతంలో ఒక గంట దొరికితే చాలనుకుని సరస్సుకు పరుగెత్తేవాళ్లకు ఈ తయారీయే అడ్డంకి అవుతుంది.

హౌసింగ్‌లో మిర్రర్‌లెస్: ఎప్పుడు, ఎవరికి

సగం నీటిలో, సగం పైన ఉండే ఫొటో కావాలంటే మిర్రర్‌లెస్‌కు, అంటే లెన్స్‌లు మార్చుకోగల కెమెరాకు, సాటి లేదు. కింద చేప, పైన కొండ, ఆకాశం. దానికి గోళాకార గాజు, అంటే డోమ్ పోర్ట్ కావాలి, అదీ పెద్దది. డోమ్ ఎంత పెద్దదైతే నీటి గీత ఫొటోలో అంత సన్నగా, శుభ్రంగా వస్తుంది. డోమ్ వల్ల లెన్స్ తన పూర్తి చూపును నీటిలో కూడా నిలబెట్టుకుంటుంది. అయితే డోమ్ వెనక నుంచి చూసే లెన్స్‌కి నీటి అడుగున ఉన్నదంతా చాలా దగ్గర్లో ఏర్పడే బింబంలా కనిపిస్తుంది. కనుక దగ్గరగా ఫోకస్ చేయగల వైడ్ లెన్సో, ఫిష్‌ఐ లెన్సో ఉండాలి, ఎఫ్/11 లేదా అంతకన్నా చిన్న అపెర్చర్‌లో తీయాలి.

స్నార్కెలింగ్ చేసేవాళ్లకు అసలు ఇబ్బంది కొనుగోలు తర్వాత మొదలవుతుంది. గాలితో నిండిన డోమ్ పైకి లేస్తుంది, మణికట్టు లాగుతుంది. కిందికి దిగేటప్పుడు నీరు అడ్డుపడుతుంది, ఊపిరి తొందరగా అయిపోతుంది. ఫొటో ఆశతో ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అని ఊపిరి బిగబట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. నీటి అడుగున స్పృహ తప్పడం ముందస్తు హెచ్చరిక లేకుండా జరగవచ్చు. మునిగేటప్పుడు పైన ఒకరు చూస్తూ ఉండాలి, ఇది ఏ కెమెరాకైనా వర్తించే మాట. పెద్ద కెమెరాతో మరీ ఎక్కువ.

చాలా హౌసింగ్‌లు ఒక్క మోడల్ కోసమే తయారవుతాయి. కెమెరా మారిస్తే హౌసింగ్ కూడా మారుతుంది. ఇప్పటికే మిర్రర్‌లెస్ ఉండి, దాన్ని ఇంకో ఐదేళ్లు మార్చే ఉద్దేశం లేకపోతేనే ఈ దారి పట్టండి. కొత్తగా కొనేవాళ్లు మైక్రో ఫోర్ థర్డ్స్ (కాస్త చిన్న సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్ రకం) చూడండి, హౌసింగ్ చిన్నదవుతుంది, తేడా నీటిలో చేతికి తెలుస్తుంది.

మీరు ఏ రకం?

పిల్లలతో కలిసి సరస్సుకు వెళ్లేవాళ్లు, ముందు వీడియో కావాలనుకునేవాళ్లు యాక్షన్ కెమెరా తీసుకోండి. కొట్టొచ్చినట్టు కనిపించే రంగులో తేలే పట్టీ కట్టండి, మసక నీటిలో జారిపోయిన నల్ల కెమెరా మళ్లీ దొరకదు.

చేపల జాతులు నమోదు చేసేవాళ్లు, విద్యార్థులు, చిన్న చేపల మీద మనసున్నవాళ్లు టీజీ వైపు వెళ్లండి. రెండో ఆలోచన అక్కర్లేదు.

ఆఫ్రికాలోని మలావీ సరస్సు లాంటి తేట నీటి యాత్ర ప్లాన్ చేస్తున్నారా? అక్కడి జాతీయ పార్కును యునెస్కో 1984లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వందల జాతుల సిక్లిడ్‌లు, రాళ్ల మధ్య నీలంగా, పసుపుగా మెరిసే ఎంబునా చేపలు. నీరు తేటగా ఉంటుంది కనుక దూరం బెంగ తగ్గుతుంది, చురుకైన ఫోకస్ విలువ పెరుగుతుంది. అక్కడ 1 అంగుళం సెన్సర్ కాంపాక్ట్ వెలుగుతుంది. ఆ సరస్సులో నత్తల ద్వారా వచ్చే బిల్హార్జియా అనే పరాన్నజీవి వ్యాధి ఉంది కాబట్టి వెళ్లేముందు, వచ్చాక డాక్టర్‌తో మాట్లాడండి.

పచ్చటి, గోధుమ రంగు నీటి సరస్సే మీకు దగ్గర్లో ఉన్నదైతే, పెద్ద సెన్సర్ కోసం ఆరాటపడకండి. ఆ నీటిలో టీజీ ఇచ్చే 15 సెంటీమీటర్ల ఫొటో, మిర్రర్‌లెస్ ఇచ్చే ఒక మీటరు ఫొటోకన్నా బాగుంటుంది.

రెండు కెమెరాలకు వీలుంటే టీజీ ఒకటి, యాక్షన్ కెమెరా ఒకటి. ఒకటి చేతిలో, ఒకటి అడుగున. నా దృష్టిలో సరస్సుకు ఇంతకన్నా మంచి జత లేదు.

కెమెరాకు అనుకున్న డబ్బులో కొంత మిగిల్చి మంచి వెట్‌సూట్ మీద పెట్టమంటాను. చలికి వణుకుతూ తీసే ఫొటో ఏ కెమెరాలోనూ నిలకడగా రాదు. ఒళ్లు వెచ్చగా ఉంటే కదలకుండా తేలవచ్చు, కదలకుండా తేలేవాళ్ల దగ్గరికే చేపలు వస్తాయి. కదలకపోతే అడుగున ఒండ్రు కూడా లేవదు.

ఏది కొన్నా, సూర్యుడు వీపు వైపు ఉండేలా, మధ్యాహ్నానికి కొంచెం అటూ ఇటూ దిగండి. షటర్ వేగం మార్చుకునే వీలుంటే 1/250 సెకను కన్నా నెమ్మది కానివ్వకండి. వెండి రంగు చేపల మీద ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి, లేకపోతే పొలుసులు తెల్లగా కాలిపోతాయి. వసంతం చివర, వేసవి మొదట్లో బ్లూగిల్ మగ చేపలు లోతు తక్కువ చోట గుంపులుగా గూళ్లు తవ్వి గుడ్లకు కాపలా ఉంటాయి. వాటిని బెదరగొడితే ఆ ఖాళీలో వేరే చేపలు గుడ్లు తినేస్తాయి. అక్కడ దూరం నుంచి ఒకటి రెండు తీసి తప్పుకోండి. నీటి మీద నీలిపచ్చ పాచి తెట్టు కట్టి ఉంటే అసలు దిగకండి, అందులో విషం ఉండవచ్చు.

పాతది కొంటుంటే

టీజీ పాతది కొంటే తలుపుల చుట్టూ రబ్బరు సీళ్లు చూడండి. పగుళ్లు, నొక్కులు ఉంటే సర్వీస్‌లో మార్పించాకే నీటిలోకి దించండి. లెన్స్ లోపలి వైపు ఆవిరి మరక కనిపిస్తే వదిలేయండి. హౌసింగ్ పాతది కొంటే ఓ-రింగ్ కొత్తది వేసి, కెమెరా లేకుండా లోపల పొడి టిష్యూ కాగితం పెట్టి, దానికి బరువు కట్టి మీరు దిగే లోతులో అరగంట ఉంచండి. మునిగి ఉండగా ప్రతి బటన్‌ను పదిసార్లు నొక్కండి, నీరు ఎక్కువగా చొరబడేది వాటి దగ్గరే. బయటికి తీసి పైన బాగా తుడిచాకే తెరవండి. టిష్యూ మూలల్లో కూడా తడి లేకపోతే అప్పుడు కెమెరా పెట్టండి.